మూలం నుంచి నిర్మాణం

శ్రీకాకుళం జిల్లాలోని పొందూరు సన్నని ఖద్దరుకు ప్రసిద్ధి. అక్కడి స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, గింజలు తీసి, ఏకులు చేసి, రాట్నంపై నూలు వడుకుతారు. ఆ నూలు నేతగాని మగ్గమెక్కి వస్త్రమవుతుంది. అంగడిలో బట్ట కొనుక్కొనేవానికి ఈ శ్రమ కనిపించదు. పత్తి నుంచి పని ఆరంభించినవానికి మాత్రం పోగు ఎక్కడ పలుచనైందో, ఎందుకు తెగిందో, ఎలా అతకాలో తెలుస్తుంది. కంప్యూటర్ రంగంలో కూడా ఇటువంటి పనివిధానం ఒకటి ఉంది. దానినే మూలసంకేతం నుంచి సాఫ్ట్‌వేర్‌ను నిర్మించుకోవడం అంటారు.

మనుషులు చదివి అర్థం చేసుకోగల ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఆదేశాల సముదాయమే మూలసంకేతం, అనగా సోర్స్ కోడ్. కంపైలర్ అనే సాధనం దానిని యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. అనేక వ్యాపార సంస్థలు ఈ యంత్రరూపాన్ని మాత్రమే విక్రయించి మూలాన్ని తమ వద్దనే ఉంచుకొంటాయి. ఈ పద్ధతికి ప్రత్యామ్నాయంగా 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రణాళికను ప్రకటించాడు. సాఫ్ట్‌వేర్‌ను వాడుకోవడానికి, దాని లోపల ఏముందో చదవడానికి, మార్చుకోవడానికి, ఇతరులతో పంచుకోవడానికి ప్రతి ఒక్కరికీ స్వేచ్ఛ ఉండాలన్నది ఆయన ఆశయం. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నల్‌ను రూపొందించి, దాని మూలాన్ని లోకానికి అందించాడు.

వెబ్ సర్వర్ చరిత్ర కూడా ఇట్టిదే. అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ఎన్‌సీఎస్ఏ కేంద్రంలో రాబ్ మెక్‌కూల్ ఒక సర్వర్‌ను రచించాడు. 1994లో ఆయన ఆ కేంద్రాన్ని విడిచి వెళ్లడంతో దాని అభివృద్ధి కుంటుపడింది. దానిని వాడుతున్నవారు ఎవరికి వారు చేసుకొన్న సవరణలను ఒకచోట చేర్చారు. 1995 ఏప్రిల్‌లో వెలువడిన అపాచీ సర్వర్ ఆ సమష్టి కృషి ఫలితమే. మూలసంకేతం అందుబాటులో ఉన్నందువల్లనే రచయిత వెళ్లిపోయినా రచన నిలిచింది.

పాఠకుడు ఒక చిరునామా టైపు చేసినప్పుడు ఆ కోరికను అందుకొని పుటను పంపేది అపాచీ. దానికి ఆధారపీఠం లినక్స్. సమాచారాన్ని భద్రపరచే భాండాగారం మైఎస్‌క్యూఎల్. ఆ సమాచారాన్ని తీసి పుటగా కూర్చేది పీహెచ్‌పీ భాష. ఈ నాలుగింటి ఆంగ్ల నామాల తొలి అక్షరాలు కలిపితే ‘ల్యాంప్’ అవుతుంది. ఆ మాటకు దీపమని అర్థం. 2003 డిసెంబరులో వెలిగిన తెలుగు వికీపీడియాకు మూలాధారమైన మీడియావికీ పీహెచ్‌పీలో రాసినదే.

నరసన్నపేటలో చదువుకొంటున్న ఒక జూనియర్ కళాశాల విద్యార్థిని ఊహించుకొందాం. అతడు తన ప్రాంతపు పలుకుబడిలోని ‘బుగత’, ‘గుంటడు’ వంటి మాటలను పెద్దల నోట విని సేకరించి, ఒక వెబ్ సైటులో పొందుపరచదలచాడు. సిద్ధంగా ఉన్న ప్యాకేజీలను దించుకొంటే పని నిమిషాలలో ముగుస్తుంది. అయితే అతని కోరిక సర్వర్ లోగుట్టు తెలుసుకోవాలని. అందుకే అతడు మూలం నుంచి ఆరంభించాడు.

మొదట అధికారిక స్థానం నుంచి మూలసంకేతపు మూటను దించుకోవాలి. అది మార్గమధ్యంలో మారలేదని చెక్‌సమ్‌తోను, డిజిటల్ సంతకంతోను నిర్ధారించుకోవాలి. తరువాత మూడు మెట్లు. ‘కాన్ఫిగర్’ అనే ఆదేశం యంత్రంలో కంపైలర్, అవసరమైన లైబ్రరీలు ఉన్నవో లేవో పరిశీలిస్తుంది. మగ్గమెక్కించే ముందు పడుగును సరిచూసుకోవడం వంటిదిది. ‘మేక్’ అనే ఆదేశం మూలాన్ని యంత్రరూపంలోకి మారుస్తుంది. ‘మేక్ ఇన్‌స్టాల్’ సిద్ధమైన భాగాలను వాటి వాటి స్థానాలలో ఉంచుతుంది. అపాచీ, పీహెచ్‌పీల నిర్మాణం ఈ క్రమంలోనే సాగుతుంది. మైఎస్‌క్యూఎల్ విషయంలో మాత్రం కాన్ఫిగర్‌కు బదులు సీమేక్ అనే సాధనాన్ని వాడతారు. పీహెచ్‌పీ అపాచీలో ఒక భాగంగా పనిచేయాలంటే అపాచీని ముందే నిర్మించి ఉండాలి. అపాచీతో వచ్చే ‘ఏపీఎక్స్ఎస్’ అనే సాధనమే ఆ రెండింటినీ కలుపుతుంది.

ఈ మార్గంలో ఆటంకాలు తప్పవు. ఏదో ఒక లైబ్రరీ లేదన్న సందేశంతో పని ఆగిపోతుంది. తెరపై దోషాలు వరుసకట్టినప్పుడు చివరిదానిని చూసి కలవరపడడం సహజం. అయితే వెనుకటి దోషమే ముందరి దోషాలకు కారణమవుతుంది కనుక, పైకి వెళ్లి మొట్టమొదటి దోషాన్ని చదవడం వివేకం. ఓర్పుతో ఒక్కొక్క చిక్కూ విప్పుకొన్న విద్యార్థికి చివరకు బ్రౌజర్‌లో ‘ఇట్ వర్క్స్’ అన్న చిన్న వాక్యం కనిపిస్తుంది. ఆ రెండు మాటలు కలిగించే ఆనందం అనుభవైకవేద్యం.

అసలు పరీక్ష ఆ తరువాత వస్తుంది. ‘తెలుగు’ అన్న మాట యూనికోడ్ లెక్కలో ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్కదానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 18 బైట్లు. 2018లో 8.0 కూర్పు వచ్చేవరకు మైఎస్‌క్యూఎల్ సహజంగా స్వీకరించినది లాటిన్-1 అనే అక్షరసముదాయాన్ని. అందులో ఉన్నవి 256 స్థానాలు మాత్రమే. వాటిలో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు. అట్టి పాత అమరికలో దాచిన తెలుగు మాట తిరిగి చదవబోతే ఆరు ప్రశ్నార్థకాలుగా దర్శనమిచ్చేది. అవ్వ నోట విన్న మాట అలా ఒకసారి పోతే భాండాగారంలో వెతికినా దొరకదు. ఆ పాత కూర్పులను స్వయంగా నిర్మించుకొనేవారు నిర్మాణ సమయంలోనే యూటీఎఫ్-8ను ఎంచుకొనే వీలుండేది. ఏ అక్షరసముదాయం ఎక్కడ నిర్ణయమవుతుందో తెలిసినవాడే తన భాషను కాపాడుకోగలడు.

స్వేచ్ఛ వెంట బాధ్యత కూడా వస్తుంది. సిద్ధంగా లభించే ప్యాకేజీలకు భద్రతా సవరణలు వాటిని కూర్చినవారే అందిస్తారు. స్వయంగా నిర్మించుకొన్నవాడు తానే కాపలాదారు. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ లైబ్రరీలో ‘హార్ట్‌బ్లీడ్’ అనే లోపం బయటపడింది. మూలం అందరికీ కనిపిస్తున్నా ఆ లోపం సుమారు రెండేళ్లు ఎవరి కంటా పడలేదు. అది బయటపడిన పిమ్మట, ఆ లైబ్రరీని తామే నిర్మించుకొన్నవారు సవరించిన మూలాన్ని తెచ్చి మళ్లీ నిర్మించుకోవలసి వచ్చింది. మూలం తెరచి ఉంటే చాలదు, చదివే కన్నులు కూడా ఉండాలని ఈ సంఘటన నిరూపించింది.

నరసన్నపేటకు సమీపాన, వంశధార తీరంలోని శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న గిడుగు రామమూర్తి జన్మించారు. సవరల భాషకు పుస్తకాలు లేని రోజులలో ఆయన ఆ భాష మాట్లాడేవారి దగ్గరే కూర్చొని దానిని నేర్చుకొన్నారు. ఆ కృషి 1931లో వ్యాకరణంగాను, 1938లో నిఘంటువుగాను వెలువడింది. కొద్దిమందికే పరిమితమైన గ్రాంథిక భాష స్థానంలో అందరికీ తెలిసిన వాడుకభాష రావాలని ఆయన జీవితాంతం పోరాడారు. మూలం వద్దకు వెళ్లి నేర్చుకోవడం, నేర్చినదానిని పదిమందికీ అందుబాటులోకి తేవడం అన్న రెండు గుణాలూ ఆయన కృషిలో కనిపిస్తాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోరేది కూడా ఆ రెండింటినే. తన ఊరి మాటలను తాను నిర్మించిన సర్వర్‌పై నిలిపిన విద్యార్థి, తెలిసో తెలియకో, ఆ బాటలోనే నడుస్తున్నాడు.