కాందిశీక పిల్లలకు తోడు నిలవడం



అమెరికా చేరిన కాందిశీక పిల్లల సంగతి సూడాన్ కుర్రాళ్ల దగ్గర మొదలుపెట్టి చదవడం మేలు. వాళ్లను ఆదుకోవడంలో ఏది పనికొచ్చింది, ఏది బెడిసికొట్టింది అన్నది చాలావరకు నమోదై ఉంది.

సూడాన్‌లో ఉత్తరానికీ దక్షిణానికీ మధ్య రెండో అంతర్యుద్ధం 1983లో మొదలైంది. 1987 ప్రాంతాల్లో దక్షిణాది పల్లెలు తగలబడుతుంటే వేలాది మగపిల్లలు కాలినడకన ఇథియోపియా వైపు సాగారు. ఎక్కువమంది డింకా తెగవాళ్లు. దాడి జరిగిన వేళ పశువులు కాస్తూ ఊరి బయట ఉండబట్టి ప్రాణాలు దక్కించుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది. 1991లో ఇథియోపియాలో మెంగిస్టు ప్రభుత్వం కూలిపోయాక అక్కడా నిలవనీయలేదు. గిలో నది దాటుతూ ఎందరో మునిగిపోయారు, తుపాకులకూ మొసళ్లకూ బలయ్యారు. మిగిలినవాళ్లు 1992లో కెన్యా వాయవ్య మూలనున్న కకుమా శిబిరానికి చేరి, అక్కడే పెరిగి పెద్దవాళ్లయ్యారు. 2000 చివరి నుంచి వాళ్లలో సుమారు 3,800 మందిని అమెరికా తీసుకుంది. 2001 సెప్టెంబరు దాడులతో వాళ్లను తెచ్చే విమానాలు ఆగిపోయాయి. వచ్చినవాళ్లలో ఆడపిల్లలు వందమంది కూడా లేరు. శిబిరంలో ఆడపిల్లలను తెగవాళ్ల ఇళ్లలో సర్దేశారు కాబట్టి, దిక్కులేని పిల్లల జాబితాలోకి వాళ్ల పేర్లు ఎక్కనే లేదు. ఈ వ్యవహారమంతటిలో అందరికంటే నష్టపోయింది వాళ్లే.

చాలామంది కుర్రాళ్లకు పుట్టినతేదీ తెలియదు. మనిషిని చూసి సంవత్సరం అంచనా కట్టి, తేదీ దగ్గర జనవరి 1 అని రాసుకున్నారు. మన పల్లెటూరి బళ్లలో హెడ్మాస్టర్లు జూలై 1 అని వేసిన పుట్టినరోజుల్లాంటిదే ఇదీ. కాకపోతే మన దగ్గర ఆ తేదీ మార్చింది రిటైర్మెంటు సంవత్సరాన్ని మాత్రమే. కకుమా కుర్రాళ్లకు అది బతుకునే రెండు దారులుగా చీల్చింది. కాగితం మీద 18 నిండనివాళ్లు, వెంట పెద్దవాళ్లు లేని కాందిశీక బాలల కోసం పెట్టిన ఫెడరల్ పథకం కిందికి వచ్చారు. వాళ్లకు తాత్కాలికంగా సాకే ఫోస్టర్ కుటుంబం, హైస్కూలు, కనిపెట్టుకుని ఉండే సోషల్ వర్కర్ దొరికారు. 18 దాటినట్టు రాసి ఉన్నవాళ్లకు నలుగురితో పంచుకునే అపార్ట్‌మెంటు, కొద్ది నెలల సాయం, ఆ తర్వాత గిడ్డంగిలోనో మాంసం ఫ్యాక్టరీలోనో రాత్రి షిఫ్టు దక్కాయి. ఒకే దారిన నడిచొచ్చి, ఒకే కంచంలో తిన్న కుర్రాళ్ల మధ్య ఇంత తేడా పడింది.

మొదటి దారిలో వెళ్లినవాళ్లలో లోకానికి బాగా తెలిసిన పేరు లోపెజ్ లొమాంగ్. కకుమాలో ఉన్నప్పుడు మైళ్ల దూరం నడిచివెళ్లి బ్లాక్ అండ్ వైట్ టీవీలో సిడ్నీ ఒలింపిక్స్ చూసిన పిల్లవాడు. న్యూయార్క్ రాష్ట్రంలోని టల్లీ అనే చిన్న ఊళ్లో ఒక ఫోస్టర్ కుటుంబం అతన్ని చేరదీసింది. అక్కడి హైస్కూల్లో పరుగు సాధన చేశాడు, 2007లో పౌరసత్వం పొందాడు, 2008 బీజింగ్ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో అమెరికా జెండా పట్టుకుని ముందు నడిచాడు. ఈ కథను పట్టుదలకు ఉదాహరణగా చెబుతుంటారు. పట్టుదల నిజమే. కానీ అతని వెనక ఒక ఇల్లు, పక్కన ఒక కోచ్, అడ్డంకి లేని కొన్నేళ్ల చదువు కూడా ఉన్నాయి. అపార్ట్‌మెంట్లకు వెళ్లిన కుర్రాళ్లకు పట్టుదల తక్కువేం లేదు. వాళ్లకు లేనిది తీరిక. తోడు నిలవాలనుకునేవాళ్లు ముందుగా పట్టించుకోవలసింది పద్దెనిమిది దాటిన ఈ పిల్లలనే. పథకాలు వదిలేసేది వీళ్లనే.

కాందిశీకులు వచ్చిన తొలి మూడు నెలలు పునరావాస సంస్థ చూసుకుంటుంది. విమానాశ్రయం నుంచి తీసుకురావడం, ఇల్లు, మంచాలు, వంటపాత్రలు, సోషల్ సెక్యూరిటీ కార్డు, టీకాలు, స్కూల్లో చేర్పించడం దాని బాధ్యత. విమానం ఖర్చు మాత్రం ఉచితం కాదు. అది వడ్డీలేని అప్పు, దిగిన కొన్ని నెలలకే వాయిదాలు మొదలవుతాయి. తొలి వారాల్లో పాత సోఫాలు, చలికోట్లు కుప్పలుగా వచ్చిపడతాయి. ఇల్లు కిక్కిరిసిపోతుంది. నాలుగో నెల వచ్చేసరికి తలుపు తట్టేవాళ్లుండరు. అసలు పని మొదలయ్యేది అప్పుడు. ఏ బస్సు ఎక్కితే క్లినిక్ వస్తుంది, కరెంటు బిల్లు ఎందుకు రెట్టింపయింది, స్కూలు నుంచి వచ్చిన పసుపు కాగితంలో ఏముంది అన్నవి అప్పుడే ఎదురవుతాయి. ఆ కాగితం కొన్నిసార్లు విహారయాత్రకు సంతకం అడిగేది, కొన్నిసార్లు పిల్లవాణ్ని సస్పెండ్ చేస్తున్నామని చెప్పేది. చదవలేని తల్లికి రెండూ ఒకటే.

కకుమా నుంచి వచ్చి ఫోస్టర్ కేర్‌లో చేరిన మైనర్లు 304 మందిపై జరిపిన అధ్యయనం 2005లో పిల్లల వైద్య పత్రికలో వెలువడింది. వాళ్లలో ఐదుగురిలో ఒకరికి యుద్ధ భయం తాలూకు మానసిక వ్యాధి, అంటే పీటీఎస్‌డీ, ఉందని తేలింది. చూసిన ఘోరాలతో పోలిస్తే అది తక్కువేననిపిస్తుంది. గమనించవలసింది మరొకటి. స్కూల్లో, ఆటల్లో, నలుగురిలో ఈ పిల్లలు బాగానే నెట్టుకొచ్చారు. బాధ బయటపడింది ఇంట్లో, మనసులో. ఒంటరితనం, ఒంటికి తగిలిన గాయాలు ఈ రెండూ ఆ వ్యాధితో ముడిపడి కనిపించాయి. గాయాన్ని ఎవరూ వెనక్కి తీసుకోలేరు, ఒంటరితనాన్ని తగ్గించవచ్చు. మార్కులు బాగున్నాయి కదా, కుర్రవాడు కుదురుకున్నాడని టీచర్లు అనుకోవడం సహజం. తోడుండే మనిషి మాత్రం ఇంట్లో ఎలా ఉన్నాడని అడగాలి, నిద్రపడుతోందా అని అడగాలి.

ఒంటరితనానికి మందు సొంతవాళ్లే. కొత్త దేశంలో త్వరగా కలిసిపోవాలంటే తమవాళ్లకు దూరంగా ఉంచాలని కొందరు సదుద్దేశంతోనే అంటారు. అది తప్పు. ఆదివారం చర్చిలో డింకా పాటలు పాడుకునే పిల్లవాడు సోమవారం స్కూల్లో ఇంగ్లిషు ఇంకా బాగా నేర్చుకుంటాడే తప్ప మరచిపోడు. తిండీ అంతే. దక్షిణ సూడాన్ ప్రధానాహారం జొన్న. జొన్న సంకటి ఎరిగిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. పైగా అమెరికాలోని ఇండియన్ కిరాణా కొట్లలో జొన్నపిండి దొరుకుతుంది. పిజ్జా తెప్పించేకంటే ఒక బస్తా జొన్నపిండి ఎక్కడ దొరుకుతుందో చూపించడం మేలైన సాయం.

కొన్ని అపార్థాలు తెలుగువాళ్లు ఇట్టే పోల్చుకోగలరు. పెద్దవాళ్లు మందలిస్తున్నప్పుడు డింకా పిల్లవాడు తల దించుకుంటాడు. అమెరికన్ టీచరుకు అది తప్పు దాచిపెట్టినట్టో, నిర్లక్ష్యంలాగానో కనిపిస్తుంది. కళ్లలోకి చూడు అని గద్దిస్తే పిల్లవాడు మరింత ముడుచుకుపోతాడు. టీచరుకు ఈ సంగతి ఒక్కసారి చెబితే చాలు, చాలా తగవులు అక్కడే ఆగిపోతాయి.

పిల్లల కథ అడగకూడదు. ఇది తేలిక నియమంలా కనిపిస్తుంది గానీ సేవకు వచ్చినవాళ్లు అన్నిటికంటే ఎక్కువగా మీరేది దీన్నే. మొసలి, సింహం, కాల్చేసిన ఊరు అన్న మాటలు వినగానే కొత్తవాళ్లకు ఉత్సాహం వస్తుంది. విరాళాల సభలో చెప్పమంటారు. అదే కథను ఇరవైసార్లు చెప్పిన కుర్రవాడు దాన్ని ఎదుటివాళ్లకు కావలసినట్టు చెప్పడం నేర్చుకుంటాడు, లేదా చెప్పిన రాత్రల్లా మేలుకునే ఉంటాడు. వాళ్లంతట వాళ్లు చెబితే వినాలి. విన్నది మరొకరికి చెప్పకూడదు. ఫొటోలు పెట్టకూడదు.

చదువు విషయం మరికొంత విప్పి చెప్పాలి. ఉదాహరణకు అట్లాంటా పక్కనే ఉన్న చిన్న ఊరు క్లార్క్‌స్టన్ తీసుకుందాం. చవక అపార్ట్‌మెంట్లు ఎక్కువ, నగరానికి పోయే రవాణా దగ్గర. అందుకే పునరావాస సంస్థలు దాన్ని ఎంచుకున్నాయి. దశాబ్దాలుగా వియత్నాం, బోస్నియా, సోమాలియా, సూడాన్, భూటాన్, బర్మా, అఫ్ఘానిస్తాన్ వాళ్లు అక్కడికి వస్తూ వచ్చారు. అక్కడి స్కూళ్లలోనూ దేశంలో మిగతాచోట్ల లాగే పిల్లల్ని వయసునుబట్టి క్లాసులో వేస్తారు. శిబిరంలో రెండేళ్లు కూడా సరిగా చదవని పదిహేనేళ్ల పిల్లవాడు నేరుగా తొమ్మిదో తరగతిలో కూర్చుంటాడు. బల్ల మీద ఆల్జీబ్రా పుస్తకం, చేతిలో పెన్ను, అక్షరాలు కూడబలుక్కుంటూ చదవడం. కొన్నాళ్లకు వెనక బెంచీ, ఆ తర్వాత బడి మానేసి కోళ్ల ప్లాంటు.

ఈ చిక్కును ల్యూమా మఫ్లే చక్కగా పట్టుకుంది. ఆమె జోర్డాన్ నుంచి చదువుకోవడానికి అమెరికా వచ్చి అక్కడే స్థిరపడ్డ మనిషి. క్లార్క్‌స్టన్‌లో కాందిశీక పిల్లలు పార్కింగ్ స్థలంలో ఫుట్‌బాల్ ఆడుతుంటే చూసి, 2004లో వాళ్లతో ఫ్యూజీస్ అనే జట్టు కట్టింది. ఆట కావాలంటే ముందు ట్యూషన్‌కు రావాలి, రాకపోతే మ్యాచ్ లేదు అన్నది ఆమె నియమం. ఊరి మేయర్ 2006లో పార్కులో ఫుట్‌బాల్‌కు చోటు లేదన్నాడు. జట్టు చెల్లాచెదురు కాలేదు. అయితే ఆటలో అంత తెలివైన పిల్లలు చదవలేకపోతున్నారన్న సంగతి ఆమెకు తెలిసొచ్చి, వాళ్ల కోసమే బడి పెట్టింది. అక్కడ పిల్లవాడికి వచ్చినచోటు నుంచే పాఠం మొదలవుతుంది. 2018లో ఒహాయోలోని కొలంబస్‌లో రెండో బడి తెరిచారు. బడి పెట్టడం అందరివల్లా కాదు. కానీ మామూలు హైస్కూల్లోనూ అడిగితే దక్కే హక్కులున్నాయి. ఇంగ్లిషు రాని పిల్లలకు ప్రత్యేక సాయం అందించడం బడి బాధ్యత అని 1974లోనే అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. 18 నిండగానే హైస్కూలు మూసుకుపోదు. చాలా రాష్ట్రాల్లో ఇరవయ్యో ఏడు దాకా చదవవచ్చు. ఈ సంగతి తెలియక పద్దెనిమిదికే ఇంటిదారి పట్టినవాళ్లు ఎందరో. ప్రపంచం మొత్తంమీద కాందిశీక యువతలో కాలేజీ మెట్లెక్కినవాళ్లు 2023 నాటి ఐక్యరాజ్యసమితి లెక్కల్లో నూటికి ఏడుగురే. హైస్కూల్లో ఒక్కో ఏడాది నిలబెట్టడం ఎంత పెద్ద పనో దీన్నిబట్టి తెలుస్తుంది.

కుటుంబంతో వచ్చిన పిల్లలకు వేరే బరువుంటుంది. భాష ముందుగా వచ్చేది పిల్లలకే. దాంతో పన్నెండేళ్ల అమ్మాయి ఇంటిల్లిపాదికీ దుబాసీ అయిపోతుంది. ఇంటి ఓనరుతో అద్దె బేరం, అమ్మ కడుపులో గడ్డ గురించి డాక్టరు చెప్పే మాట అన్నీ ఆ పిల్ల నోటి గుండానే పోతాయి. ఫెడరల్ నిధులు తీసుకునే ఆసుపత్రి దుబాసీని ఉచితంగా ఏర్పాటు చెయ్యాలి. ప్రాణం మీదకొస్తే తప్ప పిల్లల చేత ఆ పని చేయించకూడదు. అపాయింట్‌మెంటు తీసుకునేటప్పుడే ఫలానా భాష దుబాసీ కావాలని ఫోన్లో చెప్పించడం చిన్న పని. దానివల్ల ఆ పిల్లకు ఆ రోజు బడి దక్కుతుంది.

డబ్బు దగ్గర సలహాలు జాగ్రత్తగా ఇవ్వాలి. కకుమా నుంచి ఫోన్లు ఆగవు. తమ్ముడి ఫీజు, అత్త మందులు, ఎవరిదో అంత్యక్రియ. గంటకు కొద్ది డాలర్లు సంపాదించే కుర్రవాడు అందులో సగం పంపేస్తుంటాడు. మానుకోమని చెప్పడం అతని పరువు తీయడమే. గల్ఫ్‌కు వెళ్లినవాళ్ల ఇళ్లు చూసిన తెలుగువాళ్లకు ఇది బోధపడాలి. నెలకింత అని ముందే తీసిపెట్టడం, అద్దె, కారు ఇన్సూరెన్స్ కట్టాకే ఫోన్ ఎత్తడం లాంటి మాటలు అతను వింటాడు. పంపడం వృథా కాదనడానికి వలెంటినో అచక్ డెంగ్ ఉదాహరణ ఉంది. 2001లో అట్లాంటా చేరిన ఇతని జీవితం ఆధారంగా అమెరికన్ రచయిత డేవ్ ఎగర్స్ నవల రాశాడు. ఆ పుస్తకం డబ్బుతో డెంగ్ తన సొంత ఊరు మరియాల్ బాయ్‌లో హైస్కూలు కట్టించాడు, 2009లో అది తెరుచుకుంది.

కాగితాల విషయంలో ఏమరుపాటు పనికిరాదు. కాందిశీకులు వచ్చిన ఏడాదికి గ్రీన్‌కార్డుకు, ఐదేళ్లకు పౌరసత్వానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇల్లు మారితే పది రోజుల్లో ఇమ్మిగ్రేషన్ శాఖకు తెలపాలి. 18 నుంచి 25 ఏళ్ల మగపిల్లలు సెలెక్టివ్ సర్వీస్‌లో, అంటే అవసరమైతే సైన్యంలోకి పిలిచేందుకు ఉంచే జాబితాలో, పేరు నమోదు చేసుకోవాలి. డ్రైవింగ్ లైసెన్సు కౌంటరు దగ్గర, ఓటరుగా నమోదు చేసుకుంటారా అని అడుగుతారు. ఇంగ్లిషు అంతగా రాని కుర్రవాడు మర్యాదకు సరే అంటాడు, సంతకం పెడతాడు. పౌరుడు కానివాడు పౌరుణ్నని చెప్పుకోవడం దేశం నుంచి పంపేయగల తప్పు. లైసెన్సుకు వెళ్లే ముందురోజే ఈ ఒక్క ముక్క చెప్పాలి. ఇంతకు మించిన చిక్కులకు స్నేహితుల సలహా కాదు, ఇమ్మిగ్రేషన్ లాయరు కావాలి.

సేవకు వచ్చేవాళ్ల గురించి ఒక మాట. అట్లాంటా ఉత్తర శివార్లలో తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి, క్లార్క్‌స్టన్ వాళ్లకు కారులో ఎంతో దూరం కాదు. కొందరు పిల్లలు కాలేజీ దరఖాస్తులో చూపించుకోవడానికి కొన్ని గంటల సేవ చేసి, సర్టిఫికెట్ పుచ్చుకుని మాయమవుతారు. తల్లిదండ్రుల్ని పోగొట్టుకున్న పిల్లవాడికి మరో మనిషి రావడం, పోవడం సాయం కాదు. సర్టిఫికెట్ కోసమైతే పునరావాస సంస్థ గిడ్డంగిలో బట్టలు సర్దవచ్చు, అదీ అవసరమైన పనే. పిల్లలతో కూర్చోవాలనుకుంటే మాత్రం కనీసం ఒక విద్యాసంవత్సరం, వారంలో అదే రోజు, అదే వేళకు రాగలగాలి. రాలేని వారం ముందే చెప్పాలి.

2025 జనవరిలో అమెరికా కాందిశీకులను తీసుకోవడం నిలిపేసింది. నిధులు తగ్గడంతో పునరావాస సంస్థలు ఉద్యోగులను తీసేశాయి. అంతకుముందే వచ్చిన పిల్లలు అక్కడి స్కూళ్లలోనే ఉన్నారు, వాళ్ల ఫైళ్లు చూసే మనుషులే తగ్గిపోయారు. ఒక విద్యాసంవత్సరం పొడుగునా వారానికో సాయంత్రం ఇవ్వగలిగినవాళ్లు ఇప్పుడే పేరు ఇవ్వాలి.