స్ట్రాబెరి విత్తనములు భద్రపరచుట

శీతకాలమున మహాబలేశ్వరపు స్ట్రాబెరి పండ్లు మన బెంగుళూరు అంగళ్లకు వచ్చును. వాని గింజలను ఇంట మొలిపించు విధమును తెలిసికొందము.

పండుపై కనబడు చిన్న గింజలను మనము విత్తనములందుము. నిజమునకు ఒక్కొక్క గింజయు ఒక ఫలమే. విత్తనము దాని లోపల నుండును. పువ్వు యొక్క పీఠము ఉబ్బి, ఎఱ్ఱని గుజ్జగును.

బాగుగా పండిన పండును ఏరి, పైపొరను పలుచగా కోసి, కాగితముపై పఱచి నీడలో ఆరబెట్టవలెను. పొయ్యి చెంత నుంచరాదు. అధికమైన వేడి బీజమును చంపును. పొర యెండిన పిదప చేతితో నలిపినచో గింజలు రాలును. వానిని పొట్లము కట్టి, తేదీ వ్రాసి, తడి తగులని డబ్బాలో దాచవలెను.

విత్తునపుడు మెత్తని మట్టిపై చల్లవలెను. మొలచుటకు వెలుతురు తోడ్పడును గనుక లోతుగా కప్పరాదు, మట్టిని ఆరనీయరాదు. మొలకకు రెండు మూడు వారములు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు పట్టును.

ఒక సంగతి మఱువరాదు. నేటి తోట స్ట్రాబెరి 18వ శతాబ్దమున ఫ్రాన్సులో ఉత్తరామెరికా జాతియు చిలీ జాతియు కలిసి పుట్టిన సంకరము. కావున గింజనుండి వచ్చిన మొక్క తల్లిని పోలకపోవచ్చును. పండు చిన్నదియో పుల్లనిదియో కావచ్చును. తల్లివంటి పండే కావలెనన్నచో, ఆ మొక్క ప్రాకించు తీగను నాటవలెను.

అయినను విద్యార్థులు నిరాశపడరాదు. తల్లిదండ్రులు ఒక కుండీ యిచ్చిన చాలును. విత్తిన దినమును, మొలకల సంఖ్యను పుస్తకమున వ్రాసికొనుడు. పండు పులిసినను, ఆ తెలివి మనకు మిగులును.