పైపుకూ కాలమ్‌కూ నడుమ ఒక ఉద్యోగం

బోధన్ వైపు వాళ్లకు శక్కర్‌నగర్ షుగర్ ఫ్యాక్టరీ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. నిజాం హయాంలో 1937లో పుట్టి, 2015 డిసెంబరులో మూతపడింది. చెరకు వేసిన ఇళ్లలో ఆ బాధ ఇంకా ఆరలేదు. అయితే చక్కెర మిల్లు గురించి వింటూ పెరిగిన పిల్లలకు బాగా నప్పే పని ఒకటుందని నా నమ్మకం: ప్లాంటు పైపుల మోడల్‌నూ భవనం మోడల్‌నూ కలిపి తప్పులు పట్టే పని.

మిల్లులో పిండిన రసం హీటర్లు, క్లారిఫయర్, ఎవాపరేటర్లు దాటి వాక్యూమ్ పాన్‌లలో పలుకు కడుతుంది. పిప్పి బాయిలర్‌లో మండి ఆవిరినిస్తుంది. ఈ పైపులు, ట్యాంకులు గీసే మెకానికల్ వాళ్లు స్మార్ట్ 3డీ, ఈ3డీ, ప్లాంట్ 3డీ లాంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. వాటిని మోసే కాలమ్‌లు, బీమ్‌లు, స్లాబులు సివిల్ వాళ్లు రెవిట్‌లోనో టెక్లాలోనో గీస్తారు. ఈ రెండో పద్ధతినే బిమ్ (బిల్డింగ్ ఇన్ఫర్మేషన్ మోడలింగ్) అంటాం. ఒకరి ఫైలు మరొకరి దగ్గర నేరుగా తెరుచుకోదు. అందుకే ఐఎఫ్‌సీ అనే ఉమ్మడి ఫార్మాట్ వచ్చింది. దాని అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 16739.

ఫైలు తెరుచుకున్నంత మాత్రాన పని అయిపోదు. మెకానికల్ డ్రాయింగులో ఉత్తరం అంటే చాలాసార్లు ప్లాంట్ ఉత్తరం, అసలు దిక్కు కాదు. అది సరిచూడకపోతే మొత్తం పైపులైను భవనం బయట తేలుతుంది. మిల్లీమీటర్లను మీటర్లుగా చదివితే మరో గందరగోళం. అన్నిటికన్నా నష్టం చేసేది గుర్తింపు పోవడం: వాల్వ్ వాల్వ్‌గా రాకుండా ‘బిల్డింగ్ ఎలిమెంట్ ప్రాక్సీ’ అనే ఊరూ పేరూ లేని ఆకారంగా వస్తుంది. ట్యాగ్ నంబరూ, పైపు స్పెసిఫికేషనూ మాయం. కాంక్రీటు పోయకముందే స్లాబులో పైపుకు రంధ్రం వదలాలి. ఇలాంటి తప్పులు ముందే దొరకకపోతే తర్వాత డ్రిల్లు పెట్టి కోయాల్సిందే.

ఈ తప్పులు పట్టేవాళ్లకు రెండు వైపులా పని తెలియాలి. కాలేజీల్లో మాత్రం సివిల్, మెకానికల్ వేర్వేరు గదుల్లో కూర్చుంటాయి. నిజామాబాద్ ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో చదివేవాళ్లయితే, పక్క బ్రాంచిలో ఒక స్నేహితుణ్ని వెతుక్కోండి. విద్యార్థులకు ఆటోడెస్క్ ఉచితంగా ఇచ్చే వాటిలో రెవిట్, ప్లాంట్ 3డీ, నావిస్‌వర్క్స్ ఉన్నాయి. ఒకరు ఎవాపరేటర్ హౌస్ షెడ్డు గీయండి, మరొకరు అందులో పోయే ఆవిరి లైను గీయండి. రెండూ నావిస్‌వర్క్స్‌లో కలిపి, ఎక్కడ ఢీకొంటున్నాయో చూడండి. రెవిట్ మోడల్‌ను ఐఎఫ్‌సీగానూ తీసి, తెరిచి, ఏం పోయిందో చూడండి. కోర్సు ఫీజులు కట్టడం గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

స్మార్ట్ 3డీ, ఈ3డీ తయారుచేసే కంపెనీలకు హైదరాబాద్‌లో ఆఫీసులున్నాయి. ప్లాంట్లు డిజైన్ చేసే ఇంజినీరింగ్ కంపెనీలు వేరే ఉన్నాయి. ఎక్కడికి వెళ్లినా ఒక పేజీ రాసి పట్టుకెళ్లండి: మీ మోడల్ చేతులు మారినప్పుడు ఏ సమాచారం పోయింది, ఎందుకు పోయింది, మళ్లీ ఎలా రాబట్టారు. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ కన్నా ముందు ఆ పేజీ బల్ల మీద పెట్టండి.