గ్రామసభ – మన బాధ్యత

గ్రామసభ అంటే సాంఘిక శాస్త్రంలో రెండు మార్కుల ప్రశ్నే అనుకునేవాళ్లం. కానీ మన కొండల మంచిచెడ్డలు తేలేది అక్కడే.

అనంతగిరి మండలం బొర్రా గ్రామాల పోరాటం 1997లో సుప్రీంకోర్టు 'సమత' తీర్పు తెచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలోని ప్రభుత్వ భూములను ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వడం చెల్లదని చెప్పింది. ఆ తీర్పు నిలవాలంటే ఊరు మేలుకొని ఉండాలి. పెసా చట్టం (1996) ప్రకారం ఓటరు జాబితాలో పేరున్నవారంతా గ్రామసభ సభ్యులే. అడవిని, నీటి వనరులను కాపాడే అధికారం అటవీ హక్కుల చట్టం (2006) గ్రామసభకు ఇచ్చింది.

అయినా మన పెద్దల్లో ఎందరో చదవని తీర్మానంపై వేలిముద్ర వేస్తున్నారు. 18 ఏళ్లు నిండగానే ఓటరుగా చేరుదాం. సభరోజు ఊరెళ్దాం. అంతకంటే చిన్నవాళ్లమైనా, కాగితం చదివి ఇంటి భాషలో అమ్మానాన్నలకు చెబుదాం. మన చదువుకు అదే మొదటి పరీక్ష.