అద్దెకిచ్చిన ఖాతా, దాచిపెట్టిన మోసం

ఉద్యోగం వెతుక్కుంటున్న విద్యార్థి మోసపోవడం ఒక నష్టమైతే, తనకు తెలియకుండానే మోసంలో భాగస్వామి కావడం అంతకంటే పెద్ద నష్టం. విశ్వవిద్యాలయాల అవగాహన సదస్సుల్లో మొదటిదాని గురించి వినిపించినంతగా రెండోదాని గురించి వినిపించదు. సైబర్ నేరగాళ్లు దోచిన సొమ్మును తమ పేరిట ఉన్న ఖాతాల్లో వేసుకోరు. దానిని ఇతరుల ఖాతాల్లోకి మళ్లించి, అక్కడినుంచి చిన్నచిన్న మొత్తాలుగా దాటిస్తారు. ఇందుకు వాడుకునే ఖాతానే ‘మ్యూల్ ఖాతా’ అంటారు. హాస్టల్ ఖర్చులకు ఇబ్బంది పడే విద్యార్థి నుంచి ఏటీఎం కార్డు, పాస్‌బుక్, ఖాతాతో ముడిపడిన సిమ్ తీసుకుని నెలకు కొంత ఇస్తామనడం, లేదా ‘ఇంటి నుంచే పని’ పేరిట ఖాతాలో పడిన డబ్బులో కమీషన్ ఉంచుకుని మిగతాది వేరొకరికి పంపమనడం దీనికి తరచుగా కనిపించే రూపాలు. దర్యాప్తు ఖాతాదారుడి పేరుతోనే మొదలవుతుంది కనుక, అసలు నేరగాడి ఆచూకీ దొరకకముందే విద్యార్థి ఖాతా స్తంభించి, పోలీసు నోటీసు అతడి ఇంటికి చేరుతుంది. పెండింగులో ఉన్న క్రిమినల్ కేసు పాస్‌పోర్టుకూ, ప్రభుత్వ కొలువుకూ, కార్పొరేట్ సంస్థలు జరిపే పూర్వాపరాల పరిశీలనకూ ఆటంకమవుతుంది.

హైదరాబాద్‌లో ‘బ్యాక్‌డోర్ ఉద్యోగం’గా పేరుపడిన వ్యవహారంలోనూ చిక్కు ఇలాంటిదే. డబ్బు తీసుకుని కంపెనీలో చేర్పిస్తామనే మధ్యవర్తి నకిలీ అనుభవ పత్రాన్ని కూడా చేతిలో పెడితే, దానిని సమర్పించిన అభ్యర్థి తాను మోసపోయాడని చెప్పుకోవాలన్నా ముందు తన తప్పును బయటపెట్టుకోవలసి వస్తుంది. ఆ జంకే మధ్యవర్తికి పెట్టుబడి.

ఫిర్యాదులో అన్నింటికన్నా విలువైనది సమయం. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 నంబరుకు ఫోన్ చేసినా, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేసినా, ఆ సమాచారం సంబంధిత బ్యాంకులకు చేరి, సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉన్నంతవరకు దానిని నిలిపివేసే వీలుంటుంది. నగదుగా చేతులు మారాక రాబట్టడం కష్టం. లావాదేవీ సంఖ్య, సంభాషణల స్క్రీన్‌షాట్లు, ఆఫర్ లెటర్ వంటివి చెరపకుండా ఉంచాలి. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ పోలీస్ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు; ‘జీరో ఎఫ్‌ఐఆర్’ అనేది దీనికే వాడుక పేరు.

క్యాంపస్ పెద్దలు మాత్రం సంస్థ పరువు పేరుతో సంగతిని లోపలే సర్దుబాటు చేయాలని చూడటం కద్దు. బాధితుడిని ‘చదువుకున్నవాడివి, ఎలా నమ్మావు?’ అని నిలదీసే ప్లేస్‌మెంట్ కార్యాలయానికి రెండో విద్యార్థి రాడు. ఫలితంగా అదే మధ్యవర్తి పక్క విభాగంలో మరో బృందాన్ని వెతుక్కుంటాడు.

ఖాతాను ఇప్పటికే ఇతరుల చేతికిచ్చిన విద్యార్థి నోటీసు కోసం ఎదురుచూడకుండా బ్యాంకుకు లిఖితపూర్వకంగా తెలిపి, కార్డును నిలిపివేయించి, తానే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఇది నిర్దోషిత్వానికి హామీ కాకపోయినా, ఉద్దేశాన్ని నిర్ణయించేటప్పుడు తేదీతో కూడిన ఆ పత్రానికి విలువ ఉంటుంది. న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారు జిల్లా న్యాయ సేవాధికార సంస్థను ఆశ్రయించవచ్చు. మహిళలకు, షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే అర్హత ఉంది.