టికెట్ కంటే ముందు కోర్టు ఉత్తర్వు

వేసవి సెలవులు దగ్గరపడితే చాలు, లండన్‌లోని నా ఆఫీసుకు సోమాలీ తల్లులు వరసగా వస్తారు. అందరిదీ ఒకే ప్రశ్న: "నైరోబీలో అత్తగారు పిల్లకు సున్తీ చేయిస్తానంటోంది. అక్కడ జరిగితే ఇక్కడ కేసేమిటి?"

కేసు ఇక్కడే పడుతుంది. బ్రిటన్ పౌరులైనా, ఇక్కడ స్థిరంగా ఉంటున్నవారైనా, ఆడపిల్లను ఏ దేశం తీసుకెళ్లి కోయించినా 2003 చట్టం కింద నేరమే. శిక్ష 14 ఏళ్ల దాకా ఉంటుంది. చిన్న కోతేనన్నా, ఆచారమన్నా, పిల్ల ఒప్పుకుందన్నా చెల్లదు. బ్లేడు పట్టింది ఇంకొకరైనా, ప్రమాదం తెలిసి అడ్డుపడని తల్లిదండ్రులకు ఏడేళ్ల దాకా జైలు అని 2015లో చేర్చారు.

ఏళ్లు గడిచాయన్న ధీమా కూడా వద్దు. 2006లో మూడేళ్ల పాపను కెన్యా తీసుకెళ్లిన సోమాలీ మహిళను ఓల్డ్ బెయిలీ కోర్టు 2023లో దోషిగా తేల్చింది. పాప పెద్దయ్యాక స్కూల్లో చెప్పడంతో అది బయటపడింది.

మొన్న వచ్చినామెకు ఏడేళ్ల కూతురు. తాను పడ్డ బాధ బిడ్డకు వద్దని ఆమె గట్టిగానే అనుకుంది. అయినా "అక్కడికెళ్లి నచ్చజెబుతాను" అంటుంది. వద్దమ్మా! ఊరు చేరి, ఇంటినిండా పెద్దవాళ్లు కూర్చున్నాక కోడలి మాట ఎవరు వింటారు? ఫ్యామిలీ కోర్టులో రక్షణ ఉత్తర్వు అడగండి. ఫీజు లేదు. తల్లి అడగొచ్చు, పిల్లా అడగొచ్చు. అత్యవసరమైతే అవతలివాళ్లకు చెప్పకుండానే ఇస్తారు, పాస్‌పోర్టు స్వాధీనం చేయమంటారు. "కోర్టు ఒప్పుకోలేదు" అని అత్తగారికి చెప్పే ధైర్యమూ దానితోనే వస్తుంది.

అధికారులకూ ఒక మాట. సోమాలీ పేరు, సెలవుల టికెట్ చూసి తల్లిని దొంగలా నిలబెట్టడం మానండి. 2018లో బ్రిస్టల్‌లో ఒక సోమాలీ తండ్రిపై పెట్టిన కేసును జడ్జి మధ్యలోనే కొట్టేశారు. అలాంటి అవమానం జరిగాక నిజంగా సాయం కావలసిన తల్లి మీ గడప తొక్కుతుందా?

ఇంగ్లండ్, వేల్స్‌లలో పనిచేసే తెలుగు నర్సులు, టీచర్లు ఇది గుర్తుంచుకోండి. పద్దెనిమిదేళ్లలోపు పిల్ల తనకు జరిగిందని తానే చెప్పినా, మీ పనిలో ఆ గుర్తులు కనిపించినా పోలీసులకు చెప్పి తీరాలి. ఉత్త అనుమానానికి ఆ నిబంధన లేదు, మీ సంస్థలో పిల్లల రక్షణ చూసేవారికి చెప్పండి. మాట్లాడేటప్పుడు బంధువును కాదు, బయటి దుబాసీని పిలవండి.

తల్లులకు మళ్లీ చెబుతున్నాను: ఉత్తర్వు చేతికి రాకుండా పిల్లను విమానం ఎక్కించకండి.