మధుమేహి ఇంట ఉదయపు ఫలహారము: బియ్యము కలపని పెసరట్టు

మధుమేహముతో నా వద్దకు వచ్చువారిలో చాలామంది మొదట అడుగు ప్రశ్న మందును గూర్చి కాదు. "పొద్దున్న ఏం తినమంటారు?" అని అడుగుదురు. మధ్యాహ్నము అన్నము తగ్గించి కూర పెంచుకొనుట వారికి తెలిసినదే. రాత్రికి రెండు పుల్కాలతో సరిపెట్టుకొనుటయు అలవాటైనదే. చిక్కంతయు ఉదయపు ఫలహారము వద్దనే వచ్చుచున్నది. ఇడ్లీ, దోసె, ఉప్మా, పూరీ, అటుకులు - వారమంతయు మన ఇండ్లలో తిరుగు ఈ వంటకములలో ఏది చూచినను బియ్యమో, గోధుమయో, రవ్వయో ప్రధానముగా ఉండును.

అందుచేత ఇల్లాలు భర్తకు వేరుగా రాగిజావ కాచి, తక్కినవారికి ఇడ్లీ వేయును. ఒక ఉపాధ్యాయుని భార్య నాతో చెప్పిన మాట వినుడు: "జావ తాగుతారండీ, కాదనరు. తాగేసి, పిల్లలు వదిలేసిన ఇడ్లీలు కూడా ఆయనే తింటారు." ఆయనను తప్పుపట్టుటకు వీలులేదు. జావ త్రాగిన గంటన్నరకే ఆకలి వేసిన మనిషి ఏమి చేయగలడు? పైగా రాగులలో పిండిపదార్థములు లేవను భ్రమ మనవారిలో గాఢముగా నాటుకొన్నది. 100 గ్రాముల రాగులలో సుమారు 67 గ్రాముల పిండిపదార్థములున్నవి. మెత్తగా విసరి, పలుచగా కాచి, చప్పరించి మ్రింగినపుడు ఆ పిండి త్వరగానే జీర్ణమై రక్తములో చక్కెరగా మారును. రాగులు మంచి ధాన్యమే. జావగా కాచి త్రాగినంత మాత్రమున అవి మధుమేహమునకు పథ్యములు కానేరవు.

అమెరికాలో నున్న పిల్లలు తల్లిదండ్రులకు బాదముపిండితో వేయు పాన్‌కేకుల పద్ధతులు చెప్పి పంపుచున్నారు. అందు పిండిపదార్థములు తక్కువన్నది నిజమే. కాని బాదము గురుద్రవ్యము, వెలయు హెచ్చు. నలుగురున్న ఇంట ప్రతి దినము సాగు పని కాదు. మన ఇంటిలోనే, మన నాలుకకు తెలిసిన అట్టు ఒకటి ఉండగా అంత దూరము పోనక్కరలేదు. అది పెసరట్టు. అయితే హోటలులో దొరకు పెసరట్టును గూర్చి నేను చెప్పుట లేదు. ఆ భేదము తెలియుటకే ఈ పాఠము.

ఆహారము హితమో అహితమో నిర్ణయించుటకు చరకుడు విమానస్థానమున ఎనిమిది అంశములను చెప్పినాడు. వానిలో ప్రకృతి, కరణము, సంయోగము, రాశి అను నాలుగును పెసరట్టునకు అన్వయించి చూచిన చాలును. ప్రకృతి యనగా ద్రవ్యము యొక్క సహజగుణము. కరణము దానికి మనము చేయు సంస్కారము. సంయోగము ఇతర ద్రవ్యములతో కలయిక. రాశి పరిమాణము.

ప్రకృతి విషయమున ప్రాచీనులలో భేదాభిప్రాయము లేదు. పప్పుధాన్యములన్నిటిలో పెసలు మిక్కిలి పథ్యమైనవనియు, మినుములు మిక్కిలి అపథ్యమనియు చరకుడు స్పష్టముగా చెప్పినాడు. దోసె ప్రియులకు ఈ మాట రుచింపదని నాకు తెలియును! పెసలు కషాయ మధుర రసములు కలవి, లఘువులు, రూక్షములు, శీతవీర్యములు. కఫపిత్తములను హరించును. వాతమును మాత్రము కొంచెముగా పెంచునని వాగ్భటుడు హెచ్చరించినాడు. సుఖముగా కూర్చుండుట, అతినిద్ర, క్రొత్త ధాన్యము, బెల్లపు వంటకములు ప్రమేహమునకు కారణములని శాస్త్రము చెప్పును. అనగా అది కఫమును, మేదస్సును పెంచు జీవనము వలన వచ్చు వ్యాధి. దానికి లఘువు, రూక్షము అయిన ధాన్యమును విధించుట సహజమే గదా!

నేటి లెక్కలును ఈ మాటకు అనుకూలముగానే ఉన్నవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికల ప్రకారము 100 గ్రాముల పొట్టుతో కూడిన పెసలలో పిండిపదార్థములు సుమారు 46 గ్రాములు, మాంసకృత్తులు 22 గ్రాములకు పైన, పీచు 17 గ్రాములు. అంతే తూకము బియ్యములో పిండిపదార్థములు 78 గ్రాములు, మాంసకృత్తులు 8 గ్రాములు, పీచు 3 గ్రాముల లోపు. పొట్టు తీసిన పెసరపప్పులో పీచు 9 గ్రాములకు పడిపోవును. కావున మధుమేహికి పొట్టు పెసలే గ్రాహ్యములు. పెసలలో పిండి లేదని నేను చెప్పలేదు సుమా! ఉన్నది, తక్కువగా ఉన్నది. ఆ ఉన్నది కూడ పీచుతో, మాంసకృత్తులతో పెనవేసుకొని ఉండుటచే మెల్లగా జీర్ణమగును. మధ్యాహ్నము వరకు ఆకలి వేయకుండుటకు కారణమిదియే.

ఇక సంయోగము. పెసరట్టు చెడునది ఇచ్చటనే. కరకరలాడుటకై పెసలలో గుప్పెడు బియ్యము వేసి నానబెట్టుట మన ఆడవారికి చేయి తిరిగిన అలవాటు. పావుకిలో పెసలకు 50 గ్రాముల బియ్యము వేసిన, నలుగురిలో ఒక్కొక్కరికి సుమారు 10 గ్రాముల పిండిపదార్థము అదనముగా చేరును. ఇది చిన్న దోషము. పెద్ద దోషము ఉప్మా. ఎమ్మెల్యే పెసరట్టను ముద్దుపేరుతో హోటళ్ళలో అమ్మునది ఇదే. ఒక మనిషికి 40 గ్రాముల రవ్వతో చేసిన ఉప్మా పెట్టిన, రెండు పెసరట్లలో ఎంత పిండిపదార్థమున్నదో దాదాపు అంత పిండిపదార్థము మరల వచ్చి చేరును. కడుపు బరువెక్కును, పెసలను ఎన్నుకొన్న ప్రయోజనమును పోవును. మూడవది ఎవరికంటను పడని దోషము, అల్లపు పచ్చడిలోని బెల్లము. కాఫీలో చక్కెర మానినవారే ఈ పచ్చడిని గరిటెడు వేసికొని తృప్తిగా తినుట నేను చూచుచున్నాను.

బెల్లము లేని పచ్చడి చప్పగా ఉండునని భయపడనక్కరలేదు. అల్లము, కొత్తిమీర, పచ్చిమిరపకాయలు, రెండు చెంచాల వేయించిన నువ్వులు, రవ్వంత చింతపండు చేర్చి నూరిన పచ్చడిలో నువ్వుల కమ్మదనమే బెల్లము లోటును తీర్చును. ఉసిరికాయలు దొరకు కాలమున చింతపండు మాని ఉసిరిక వేయవచ్చును. ప్రమేహమునకు ఉసిరిక, పసుపు జంట శ్రేష్ఠమని వాగ్భటుని మాట.

కరణమును గూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ఎందుకనగా బియ్యము లేని పిండి పెనమునకు అంటుకొనుననియు, అట్టు మెత్తబడుననియు గృహిణులు నాతో వాదించుచుందురు. దోషము పిండిది కాదు, రుబ్బుటలోను కాల్చుటలోను ఉన్నది.

నలుగురికి పావుకిలో పొట్టు పెసలు, అర చెంచా మెంతులు కలిపి కడిగి రాత్రి నానబెట్టవలెను. వేసవిలో రాత్రియంతయు నానిన వాసన వచ్చును గనుక తెల్లవారుజామున నానవేసి ఐదారు గంటల తరువాత వాడుకొనవచ్చును. అది కుదరనివారు రాత్రి పడుకొనునపుడు నీరు మార్చవలెను. నానిన నీటిని పారబోసి, మరియొకసారి కడిగి, అంగుళము అల్లపు ముక్క, మూడు పచ్చిమిరపకాయలు, చెంచాడు జీలకర్ర, తగినంత ఉప్పు వేసి రుబ్బవలెను. అల్లము, జీలకర్ర రుచికి మాత్రమే యని అనుకొనకుడు. పెసల వాతగుణమును అణచునవి ఇవియే. ఉబ్బసపు కడుపు గలవారు చిటికెడు ఇంగువ కూడ వేసికొనవలెను.

పిండి వెన్నవలె మెత్తగా ఉండకూడదు. వ్రేళ్ళ మధ్య నలిపిన సన్నని రవ్వ తగులవలెను. ఆ పలుకే బియ్యమునకు బదులుగా కరకరను ఇచ్చును. పలుకుగా ఉన్న పిండి మెత్తని పిండికన్న ఆలస్యముగా జీర్ణమగుననునది రెండవ లాభము. మిక్సీలో రుబ్బువారు ఆపి ఆపి తిప్పవలెను. నీరు కొంచెము కొంచెముగా పోయుడు, మొత్తము గ్లాసునకు మించరాదు. గరిటె వంచిన ధారగా కారక, మెల్లగా జారు పాకమున పిండి ఉండవలెను. రుబ్బిన వెంటనే వేయవలెను. దోసె పిండివలె పులియబెట్టు పని దీనికి లేదు.

ఇనుప పెనమైన మంచిది. దానిపై నీరు చిలకరించిన చుక్కలు గంతులు వేయవలెను. సగము కోసిన ఉల్లిపాయను నూనెలో ముంచి పెనమంతయు రుద్ది, మంట తగ్గించి, గరిటెడు పిండి పోసి మధ్య నుండి అంచులకు చుట్టుచు పలుచగా పరచవలెను. పెనము మరీ వేడిగా ఉన్నపుడు పరచిన పిండి గరిటెతో పాటు లేచి వచ్చును. అంటుకొనుట యని వారు చెప్పునది చాలావరకు ఇదే. పైన సన్నగా తరిగిన ఉల్లిపాయలు చల్లి అట్లకాడతో అదిమి, అంచుల చుట్టు అర చెంచా నువ్వులనూనె వేయవలెను. మధ్యస్థమైన మంటపై అడుగు ఎఱ్ఱబడిన పిమ్మట త్రిప్పి అర నిమిషము రెండవ వైపును కాల్చవలెను. హోటళ్ళలో త్రిప్పరు, మనము త్రిప్పవలెను. సగము ఉడికిన పెసరపిండియే కడుపుబ్బరమునకు కారణము. ఆ నింద పెసలపై పడుచున్నది.

ఈ కొలతకు ఎనిమిది అట్లు వచ్చును. మనిషికి రెండు. ఇది రాశి. రెండు అట్లలో పిండిపదార్థములు సుమారు 29 గ్రాములు, మాంసకృత్తులు 14 గ్రాములు, పీచు 10 గ్రాములు ఉండును. పథ్యమన్నారు గదా యని నాలుగు తిన్నచో లెక్క రెట్టింపగును, అపుడు ఇడ్లీకిని దీనికిని భేదము అంతగా మిగులదు.

ఈ రెండు అట్ల నియమము వ్యాధి ఉన్నవారికే. ఎదుగు పిల్లలకు పిండిపదార్థములు తగ్గింపవలసిన పని లేదు. అదే పిండితో వేసిన అట్టుపై కోరిన కారట్టు, చెంచాడు నెయ్యి వేసి, ప్రక్కన ఒక అరటిపండు ఇయ్యవచ్చును. పండ్లు లేని ముసలివారికి అదే పిండిని కొంచెము మందముగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చిన మెత్తగా దిగును. జ్వరపడి లేచినవారికి మాత్రము పొట్టు తీసిన పెసరపప్పును రెండు గంటలు నానబెట్టి వేరుగా వేయుట మేలు. తక్కిన రోజులలో ఇంటికంతకు ఒకే పిండి, ఒకే పెనము. ఉపాధ్యాయుని భార్యకు నేను చెప్పినదియు ఇదే. అందరితో కలిసి కూర్చుండి, అందరి పళ్ళెములో నున్నదే తినువానికి ఒకరు వదలిన ఇడ్లీపై చూపు పోదు.

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక. ఇన్సులిన్ తీసికొనువారు, గ్లిమెపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు వాడువారు ఉదయపు పిండిపదార్థమును ఒక్కసారిగా సగమునకు తగ్గించిన, మందు మోతాదు పూర్వపుదే కావున రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోవచ్చును. చేతులు వణకుట, చెమట పట్టుట, గుండె దడ, కండ్లు తిరుగుట దీని లక్షణములు. అట్లు కలిగిన వెంటనే చక్కెర నోట వేసికొనవలెను. ఆ సమయమున పథ్యము పాటింపరాదు. కావున మందు వ్రాసిన వైద్యునితో ముందుగా చెప్పి, ఆయన మోతాదు సరిచూచిన తరువాతనే ఈ మార్పు చేసికొనుడు. పెసరట్టు తినుచున్నామని మీ అంతట మీరు మందు మానుటయు తప్పే. ఇది ఆహారము, ఔషధము కాదు. మూత్రపిండముల వ్యాధి గలవారికి పప్పుధాన్యముల మోతాదును వారి వైద్యుడే నిర్ణయింపవలెను.

ఇంట రక్తపరీక్ష యంత్రమున్నవారికి నేనొక పని చెప్పుచుందును. ఒకనాడు మామూలుగా తిను ఇడ్లీలు తిని, తినుట మొదలిడిన రెండు గంటలకు చక్కెరను చూచి వ్రాసికొనుడు. మరునాడు అదే వేళకు, అవే మందులతో, రెండు పెసరట్లు తిని చూడుడు. పై హెచ్చరికలో చెప్పిన మందులు వాడువారు వైద్యుని అనుమతి లేక ఇది చేయరాదు. ఒక్క రోజు పరీక్షను నమ్మక మూడు నాలుగు మారులు చూచిన, ఏది మీ శరీరమునకు సరిపడునో ఆ అంకెలే చెప్పును. శాస్త్రము చెప్పిన మాటనైనను ప్రత్యక్షముతో సరిచూచుకొనుట మన సంప్రదాయమే.

మిగిలిన పిండిని గూర్చి ఒక మాట. శీతల యంత్రములో పెట్టినను మరునాటి ఉదయమును దాటనీయరాదు. పులిసిన పిండిని పారవేయుటకు మనసొప్పక సాయంకాలము పునుగులు వేయుట చాలా ఇండ్లలో ఉన్నది. ఆ పునుగులు ఎవరి పళ్ళెములోనికి చేరునో ఇంటి ఇల్లాండ్రకు తెలియనిది కాదు. కావున నలుగురికి పావుకిలో అను కొలత తప్పక, ఏ పూటకు చాలినంత ఆ పూటకే నానబెట్టుకొనుడు.